ట్రాఫిక్ చలాన్: ఫోటో తీస్తే సరిపోతుందా? పోలీసులు మీకు చూపించాల్సినవేంటి?

సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ చూస్తే ఒక మెసేజ్. మీ బండి మీద చలాన్ పడింది. ఎక్కడో గుర్తులేదు, ఎప్పుడో గుర్తులేదు. సైట్‌లోకి వెళ్లి చూస్తే వెనక నుంచి తీసిన ఒక ఫోటో. నంబరు ప్లేటు సగమే కనిపిస్తోంది.

'ఎందుకొచ్చిన గొడవ' అని కొందరు వెంటనే కట్టేస్తారు. 'ఎలాగూ డిస్కౌంట్ ఇస్తారుగా' అని ఇంకొందరు వదిలేస్తారు. ఇద్దరూ అడగని ప్రశ్న ఒక్కటే: అసలు ఆ చలాన్ సరిగ్గా వేశారా?

కారున్న ఉద్యోగికి అది చిన్న చికాకు కావచ్చు. రోజు అద్దెకు ఆటో తీసుకుని నడిపేవారికి, బైక్ మీద డెలివరీలు చేసేవారికి ఒక తప్పుడు చలాన్ అంటే ఆ రోజు సంపాదన పోయినట్టే.

ట్రాఫిక్ పోలీసులకు చట్టం చాలా అధికారాలు ఇచ్చింది. బండి ఆపొచ్చు, లైసెన్స్ అడగొచ్చు, కొన్ని సందర్భాల్లో వాహనాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. అయితే వీటిలో చాలావాటికి ఒక రికార్డు కూడా ఉండాలని చట్టమే చెబుతోంది. ఫోటో, సర్టిఫికెట్, అక్నాలెడ్జ్‌మెంట్, రసీదు... ఇలా ఏదో ఒకటి. ఆ రికార్డు ఏంటో తెలిస్తే ఎవరితోనూ వాదన పెట్టుకోనక్కర్లేదు. దాన్ని అడిగితే చాలు.

చలాన్ అంటే శిక్ష పడినట్టేనా?

కాదు. మీరు ఫలానా నిబంధన ఉల్లంఘించారని పోలీసులు చేసే ఆరోపణ చలాన్. తప్పు చేశారో లేదో తేల్చే అధికారం కోర్టుదే.

మరి పోలీసులు డబ్బు ఎలా తీసుకుంటారు? మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 200 ప్రకారం కొన్ని ఉల్లంఘనలను కోర్టుకు వెళ్లకుండానే రుసుము కట్టి ముగించుకోవచ్చు. దీన్నే కాంపౌండింగ్ అంటారు. ఏయే ఉల్లంఘనలకు ఎంత రుసుము, ఏ హోదా అధికారి వసూలు చేయాలి అన్నది రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేయాలి.

చలాన్ కట్టడం అంటే 'కేసు ఇక్కడితో ముగిద్దాం' అని మీరు ఒప్పుకోవడం. ఒప్పుకోవాలా, వద్దా అన్నది మీ ఇష్టం. తప్పు చేయలేదనుకుంటే కోర్టులో తేల్చుకునే హక్కు మీకుంది.

2019లో చట్టాన్ని సవరించి జరిమానాలు భారీగా పెంచారు. వీటిలో చాలావరకు ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ కాంపౌండింగ్ రుసుములు నిర్ణయించేది రాష్ట్రాలే కాబట్టి ఒకే ఉల్లంఘనకు తెలంగాణలో ఒక మొత్తం, ఆంధ్రప్రదేశ్‌లో మరో మొత్తం ఉండొచ్చు. సోషల్ మీడియాలో తిరిగే జరిమానాల పట్టికల కన్నా మీ చలాన్ మీద రాసిన సెక్షన్ చూడటం మేలు.

కెమెరా చలాన్‌తో పాటు ఏమేం ఇవ్వాలి?

2019 సవరణతో సెక్షన్ 136ఏ వచ్చింది. రోడ్ల మీద ఎలక్ట్రానిక్ నిఘా గురించి చెప్పే సెక్షన్ ఇది. దీని అమలు కోసం కేంద్రం 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 167ఏ అనే కొత్త నిబంధన చేర్చింది. కెమెరా చలాన్ల విషయంలో వాహనదారుకు అన్నిటికన్నా ఎక్కువగా పనికొచ్చేది ఇదే.

ఈ నిబంధన ప్రకారం చలాన్‌తో పాటు ఉండాల్సినవి:

- ఉల్లంఘన, నంబరు ప్లేటు స్పష్టంగా కనిపించే ఫోటో
- వేగం లాంటివైతే పరికరం నమోదు చేసిన కొలత
- తేదీ, సమయం, ప్రదేశం
- ఏ సెక్షన్‌ను ఉల్లంఘించారో తెలిపే నోటీసు
- ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సంబంధించిన సర్టిఫికెట్

చివరిది చాలామంది గమనించరు. పాత సాక్ష్యాధార చట్టంలోని సెక్షన్ 65బీ ప్రకారం ఈ సర్టిఫికెట్ ఇవ్వాలని 167ఏ చెప్పింది. 2024 జులై 1 నుంచి పాత చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. అందులో దీనికి సమానమైనది సెక్షన్ 63. ఫోటో ఏ పరికరంలోంచి వచ్చింది, ఆ పరికరం సరిగ్గా పనిచేస్తోందా అన్నదానికి బాధ్యత తీసుకుంటూ ఒకరు ఇచ్చే ధ్రువీకరణ ఇది. కోర్టులో ఫోటోకు విలువ వచ్చేది దీనితోనే.

చలాన్‌కే కాదు, కెమెరాకూ షరతులున్నాయి.

- పరికరం కచ్చితంగా పనిచేస్తోందని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికార సంస్థ సర్టిఫికెట్ ఇవ్వాలి. దాన్ని ఏటా రెన్యువల్ చేయించాలి.
- ఆ రోడ్డు కెమెరా నిఘాలో ఉందని ముందుగానే తెలిపే బోర్డులు పెట్టాలి.
- ఉల్లంఘన జరిగిన 15 రోజుల్లోగా నోటీసు పంపాలి.
- చలాన్ పరిష్కారం అయ్యేదాకా ఆ ఎలక్ట్రానిక్ రికార్డును భద్రపరచాలి.

అంటే మూడు నెలల తర్వాత తీరిగ్గా మెసేజ్ వస్తే 'ఇన్నాళ్లూ నోటీసు ఎందుకు పంపలేదు' అని అడిగే ఆధారం నిబంధనల్లోనే ఉంది. ఇక్కడ మన వైపు నుంచి కూడా ఒక పని ఉంది. ఆర్సీలో ఉన్న ఫోన్ నంబరు, అడ్రస్ పాతవైతే నోటీసు ఎక్కడికో పోతుంది. వాటిని అప్‌డేట్ చేసుకోవాలి.

కానిస్టేబుల్ సెల్‌ఫోన్‌తో తీస్తే చెల్లుతుందా?

చౌరస్తాల్లో ఒక పక్కన నిలబడి ఫోన్‌తో బండ్ల ఫోటోలు తీసే సిబ్బందిని హైదరాబాద్‌లో చూడని వారుండరు.

'ఎలక్ట్రానిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ పరికరం' అంటే ఏంటో 167ఏలో వివరణ ఉంది. స్పీడ్ కెమెరా, సీసీటీవీ, స్పీడ్ గన్, ఒంటికి తగిలించుకునే బాడీ కెమెరా, వాహనం డ్యాష్‌బోర్డు కెమెరా, నంబరు ప్లేటును గుర్తించే కెమెరా, బరువు తూచే యంత్రం ఆ జాబితాలో ఉన్నాయి. సెల్‌ఫోన్ పేరు లేదు. అయితే 'రాష్ట్ర ప్రభుత్వం పేర్కొన్న ఇతర సాంకేతికత' అన్న మాట చివర్లో ఉంది.

కాబట్టి అడగాల్సిన ప్రశ్న 'ఫోన్‌తో ఎందుకు తీశారు' అని కాదు. 'ఈ పరికరాన్ని ప్రభుత్వం నోటిఫై చేసిందా, దీనికి ఆమోద సర్టిఫికెట్ ఉందా' అని. ఉంటే చూపించాలి.

ఇంకో విషయం మర్చిపోకూడదు. ఫోటో లేనంత మాత్రాన కేసు ఉండదనుకోవడం పొరపాటు. ఉల్లంఘనను కళ్లారా చూసిన అధికారి కోర్టులో సాక్ష్యం చెప్పొచ్చు.

రోడ్డు మీద ఆపితే ఎవరికి ఏ అధికారం ఉంది?

*లైసెన్స్ ఎవరు అడగొచ్చు?* సెక్షన్ 130 ప్రకారం యూనిఫాంలో ఉన్న ఏ పోలీసు అధికారి అయినా లైసెన్స్ చూపించమనొచ్చు. చూపించాల్సిందే. 'యూనిఫాంలో' అన్న మాట చట్టంలోనే ఉంది.

*చలాన్ ఎవరు రాయాలి?* హోంగార్డులు, వాలంటీర్లు ట్రాఫిక్ నియంత్రణలో సాయం చేస్తారు. కాంపౌండింగ్ రుసుము వసూలు చేయాల్సింది మాత్రం ప్రభుత్వం నోటిఫై చేసిన హోదా ఉన్న అధికారే. ఎవరి చేతికైనా సరే, రసీదు లేకుండా నగదు ఇవ్వొద్దు. ఆన్‌లైన్‌లోనో, మీసేవలోనో కడితే రికార్డు ఉంటుంది.

*ఫోన్‌లో పత్రాలు చూపిస్తే ఒప్పుకోవాలా?* ఒప్పుకోవాలి. డిజిలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలో ఉన్న లైసెన్స్, ఆర్సీలకు ఒరిజినల్స్‌తో సమానమైన విలువ ఉంటుందని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు చెప్పింది. గ్యాలరీలో ఉన్న స్క్రీన్‌షాట్‌కు ఇది వర్తించదు. యాప్ తెరిచి చూపించాలి.

2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు ఇంకో అడుగు ముందుకు వెళ్లాయి. వివరాలు ఎలక్ట్రానిక్ పద్ధతిలో సరిపోలితే కాగితం పత్రాలు అడగకూడదు. పత్రాలు తనిఖీ చేస్తే ఆ తేదీ, సమయం, తనిఖీ చేసిన అధికారి గుర్తింపు పోర్టల్‌లో నమోదు చేయాలి. ఒకే వాహనాన్ని దారి పొడవునా పదే పదే ఆపకుండా ఉండేందుకు, ఎవరు ఆపారో తెలిసేందుకు పెట్టిన ఏర్పాటు ఇది.

*లైసెన్స్ తీసుకుంటే?* కొన్ని సందర్భాల్లో తీసుకునే అధికారం సెక్షన్ 206 ఇచ్చింది. పత్రం నకిలీదని అనుమానం కలగడం అందులో ఒకటి. కానీ లైసెన్స్ తీసుకున్న అధికారి దానికి బదులుగా తాత్కాలిక అక్నాలెడ్జ్‌మెంట్ ఇవ్వాలి. లైసెన్స్ తిరిగి ఇచ్చేదాకా ఆ కాగితమే మీ లైసెన్స్. అది చేతిలో లేకుండా అక్కడి నుంచి కదలొద్దు.

*బండి తాళం లాక్కోవచ్చా?* తాళం లాక్కోవచ్చని మోటారు వాహనాల చట్టంలో ఏ సెక్షనూ చెప్పడం లేదు. వాహనాన్ని స్వాధీనం చేసుకునే సందర్భాలు సెక్షన్ 207లో ఉన్నాయి. లైసెన్స్ లేకుండా నడపడం, మైనర్ నడపడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, అవసరమైన పర్మిట్ లేకపోవడం లాంటివి. పెండింగ్ చలాన్లు ఉండటం ఆ జాబితాలో లేదు.

*వీడియో తీయొచ్చా?* బహిరంగ ప్రదేశంలో విధుల్లో ఉన్న పోలీసును వీడియో తీయకూడదని నేరుగా చెప్పే చట్టం లేదు. అయితే దూరం పాటించాలి, పనికి అడ్డు తగలకూడదు. ప్రభుత్వ ఉద్యోగి విధులకు ఆటంకం కలిగించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 221 కింద నేరం. చేయి చేసుకుంటే సెక్షన్ 132 కింద అంతకన్నా పెద్ద కేసు అవుతుంది. ఫోన్ మొహం మీద పెట్టి అరిచేకంటే పేరు, హోదా, సమయం, స్థలం నోట్ చేసుకోవడం తర్వాత ఎక్కువ పనికొస్తుంది.

డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలో ఏం అడగాలి?

100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉంటే సెక్షన్ 185 కింద నేరం. మొదటిసారి దొరికితే 6 నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. శ్వాస పరీక్షకు నిరాకరించే వీలు లేదు. కానీ యంత్రం చూపించిన రీడింగ్ ఎంతో చూసే హక్కు, ఆ స్లిప్ అడిగే హక్కు మీకుంటాయి. రీడింగ్ మీద అనుమానం ఉంటే రక్త పరీక్ష చేయించమని అక్కడికక్కడే కోరండి. కోరినట్టు రాతపూర్వకంగా నమోదు చేయమనండి.

మరి బండి సంగతి? దీనిపై తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో స్పష్టత ఇచ్చింది. డ్రైవరు మద్యం తాగాడన్న ఒక్క కారణంతో వాహనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం పోలీసులకు లేదని చెప్పింది. పక్కన మద్యం తాగని, లైసెన్స్ ఉన్న వ్యక్తి ఉంటే ఆయనకు వాహనం అప్పగించాలి. ఎవరూ లేకపోతే బంధువులకో, స్నేహితులకో కబురు చేయాలి. వారూ రాకపోతే అప్పుడు దగ్గర్లోని స్టేషన్‌లో సురక్షితంగా ఉంచాలి.

తాగిన వ్యక్తి మళ్లీ స్టీరింగ్ పట్టుకోకుండా చూడటం పోలీసుల బాధ్యత. బండిని వారాల తరబడి స్టేషన్ ఆవరణలో ఎండకూ వానకూ వదిలేయడం ఆ బాధ్యతలో భాగం కాదు.

బండి టో చేసి తీసుకెళ్తే?

పార్కింగ్ నిషేధించిన చోట పెట్టినా, బహిరంగ ప్రదేశంలో 10 గంటలు, అంతకుమించి వదిలేసినా సెక్షన్ 127 ప్రకారం వాహనాన్ని తరలించొచ్చు, చక్రానికి క్లాంప్ వేయొచ్చు. ఖర్చు యజమానే భరించాలి.

ఇక్కడ గమనించాల్సింది, తరలింపునకు అనుమతి ఇవ్వాల్సింది ఆ ప్రాంతంపై అధికార పరిధి ఉన్న, యూనిఫాంలోని పోలీసు అధికారి. క్రేన్ నడిపే ప్రైవేటు ఏజెన్సీ కుర్రాడు కాదు. అందుకే అడగాల్సినవి మూడు: అక్కడ నో పార్కింగ్ బోర్డు ఉందా? అనుమతి ఇచ్చిన అధికారి ఎవరు? టోయింగ్ చార్జీకి, జరిమానాకు విడివిడిగా రసీదు ఏది?

తప్పుడు చలాన్ వస్తే ఏం చేయాలి?

ముందు ఫోటో చూడండి. తెలంగాణలో పోలీసు శాఖ ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో, మిగతా చాలా రాష్ట్రాల చలాన్లకు కేంద్ర పరివాహన్ ఈ-చలాన్ పోర్టల్‌లో వివరాలు ఉంటాయి. ఎక్కువగా ఎదురయ్యే సమస్యలు ఇవి.

- *నంబరు తప్పుగా ఎక్కించడం:* ఫోటోలో ఉన్నది వేరే బండి. ప్లేటు మీద 8 ఉంటే 3 అని ఎక్కి ఉండొచ్చు. మీ ఆర్సీ, మీ బండి ఫోటో జతచేసి ఫిర్యాదు చేస్తే మామూలుగా తేలిపోయే కేసు ఇది.
- *మీ నంబరును ఇంకొకరు వాడుకోవడం:* ఫోటోలో ప్లేటు మీది, బండి మీది కాదు. దీన్ని చలాన్ సమస్యగా మాత్రమే చూడొద్దు. ఆ బండితో ఏదైనా నేరం జరిగితే పోలీసులు వచ్చేది మీ ఇంటికే. స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి.
- *అమ్మేసిన బండి:* కొన్నవారు పేరు మార్చుకోకపోతే చలాన్లు మీకే వస్తాయి. సెక్షన్ 50 ప్రకారం ఒకే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లోగా అమ్మినవారు రవాణా శాఖకు తెలపాలి. కొన్నవారికి 30 రోజుల గడువు ఉంటుంది.
- *బండి మీదే, నడిపింది వేరేవారు:* నోటీసు యజమానికే వస్తుంది. డ్రైవరు ఎవరని పోలీసులు అడిగితే వివరాలు ఇవ్వాల్సిన బాధ్యత సెక్షన్ 133 ప్రకారం యజమానిదే.

ఫిర్యాదు చేసేటప్పుడు చలాన్ నంబరు, స్క్రీన్‌షాట్, ఆర్సీ కాపీ ఒకే మెయిల్‌లో పెట్టండి. ఫిర్యాదు నంబరు వస్తే దాచుకోండి. ఫిర్యాదు చేశాం కదా అని చలాన్ మీద ఉన్న గడువును మర్చిపోవద్దు. ఫిర్యాదు తేలకపోతే ఆ గడువులోగానే కోర్టులో తేల్చుకుంటామని తెలపాలి.

డిస్కౌంట్ వస్తే కట్టేస్తే పోలేదా?

తెలంగాణలో 2022 మార్చిలో పెండింగ్ చలాన్లపై రాయితీ ఇచ్చారు. బైకులు, ఆటోలకు 75 శాతం, కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరు 26 నుంచి మళ్లీ ఇచ్చారు. ఈసారి బైకులు, ఆటోలకు 80 శాతం, కార్లు, భారీ వాహనాలకు 60 శాతం, ఆర్టీసీ బస్సులు, తోపుడు బండ్లకు 90 శాతం. జనవరి 10న ముగియాల్సిన గడువును ఫిబ్రవరి 15 దాకా పొడిగించారు.

జనానికి ఊరట దొరికింది, ఖజానాకు డబ్బు వచ్చింది. కానీ జవాబుదారీతనం కోణంలో చూస్తే ఇందులో ఒక చిక్కు ఉంది. తప్పుడు చలాన్ పడిన వ్యక్తి కూడా 'వెయ్యిలో రెండొందలే కదా' అని కట్టేస్తాడు. అది తప్పని ఎక్కడా నమోదు కాదు. ఏ కెమెరా ఎక్కువ పొరపాట్లు చేస్తోంది, ఏ చౌరస్తాలో నంబర్లు తప్పుగా ఎక్కుతున్నాయి అన్నది తెలిసే అవకాశం అక్కడే పోతుంది. గడువులోగా కట్టిన వ్యక్తికేమో పూర్తి మొత్తం పడుతుంది.

ఏళ్ల తరబడి చలాన్లను అలాగే ఉంచడానికి చట్టంలో ఒక హద్దు కూడా ఉంది. జరిమానా మాత్రమే శిక్షగా ఉన్న నేరాలను 6 నెలలు దాటాక కోర్టు విచారణకు స్వీకరించకూడదని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 514 చెబుతోంది. ఆలస్యానికి సరైన కారణం ఉందనుకుంటే కోర్టు మినహాయింపు ఇవ్వొచ్చు. కాబట్టి దీన్ని చలాన్ ఎగ్గొట్టే చిట్కాగా చూడొద్దు. కేసులను సకాలంలో కోర్టు ముందుకు తీసుకెళ్లాల్సిన బాధ్యత పోలీసులదని గుర్తుచేసే సెక్షన్ ఇది.

పోలీసులే నిబంధన తప్పితే?

హెల్మెట్ లేకుండా వెళ్లే పోలీసు బైకులు, రాంగ్ రూట్‌లో వచ్చే వాహనాల ఫోటోలు సోషల్ మీడియాలో తరచూ కనిపిస్తుంటాయి. దీనికి చట్టంలో ప్రత్యేకంగా ఒక సెక్షన్ ఉంది.

2019 సవరణతో వచ్చిన సెక్షన్ 210బీ ప్రకారం, ఈ చట్టాన్ని అమలు చేసే అధికారం ఉన్నవారే దాన్ని ఉల్లంఘిస్తే మామూలు జరిమానాకు రెట్టింపు పడుతుంది. హెల్మెట్ లేకపోతే సెక్షన్ 194డీ కింద 1,000 రూపాయలు. అదే చట్టం అమలు చేసేవారైతే 2,000.

ఇలాంటి ఫోటో పంపేటప్పుడు నంబరు ప్లేటు, స్థలం, సమయం స్పష్టంగా ఉండేలా చూసుకోండి. తర్వాత చలాన్ వేశారా లేదా అన్నది కూడా ఫిర్యాదు నంబరుతో అడగండి.

ఎవరికి ఫిర్యాదు చేయాలి?

సమస్యను బట్టి తలుపు మారుతుంది.

- *చలాన్‌లో పొరపాటు:* ఈ-చలాన్ సైట్‌లోని ఫిర్యాదు విభాగం, ఆ తర్వాత ట్రాఫిక్ పోలీసు స్టేషన్.
- *దురుసు ప్రవర్తన, అన్యాయంగా బండి ఆపేయడం:* ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్, ఏసీపీ, డీసీపీ ట్రాఫిక్. కమిషనరేట్ లేని జిల్లాల్లో ఎస్పీ. రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.
- *లంచం అడిగితే:* ఏసీబీ. తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1064. డబ్బు ఇవ్వకముందే ఫోన్ చేయడం ముఖ్యం.
- *తీవ్రమైన దుష్ప్రవర్తన:* పోలీసులపై ఫిర్యాదులు విచారించేందుకు రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ప్రత్యేక ఫిర్యాదుల అథారిటీలు ఉండాలని ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2006 సెప్టెంబరు 22న ఆదేశించింది. కస్టడీలో మరణం, తీవ్ర గాయాలు లాంటి కేసుల కోసం ఉద్దేశించినవి ఇవి. మామూలు చలాన్ గొడవలకు కాదు.

సామాజిక మాధ్యమాల్లో ట్యాగ్ చేస్తే త్వరగా స్పందన వస్తుందన్నది నిజమే. కానీ 'పరిశీలిస్తాం' అన్న జవాబుతో ఫైలు మొదలవదు. అక్కడ పోస్టు పెట్టినా, మెయిల్ కూడా పంపండి.

ఆర్టీఐతో ఏం రాబట్టొచ్చు?

ఒక చలాన్ సరైనదా కాదా అన్నది మీ సమస్య. కెమెరాకు సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది ఆ రోడ్డు మీద వెళ్లే అందరి సమస్య. అక్కడ పనికొచ్చేది సమాచార హక్కు చట్టం, 2005.

ఈ చట్టం సెక్షన్ 4 ప్రకారం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన అధికారాలు, నిబంధనలు, బడ్జెట్ లాంటి వివరాలను ఎవరూ అడగకుండానే ప్రకటించాలి. అక్కడ లేనివి దరఖాస్తు పెట్టి తీసుకోవచ్చు. డీసీపీ ట్రాఫిక్ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వొచ్చు. ఎందుకు కావాలో చెప్పనవసరం లేదు. 30 రోజుల్లో సమాధానం రావాలి.

అడగదగ్గ ప్రశ్నలు కొన్ని:

1. ఫలానా చౌరస్తాలోని కెమెరా ఆమోద సర్టిఫికెట్, చివరి రెన్యువల్ కాపీ
2. కాంపౌండింగ్ రుసుములు, వసూలు చేసే అధికారుల హోదాలపై ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు కాపీ
3. గత ఆర్థిక సంవత్సరంలో వేసిన చలాన్లు, ఫిర్యాదుల తర్వాత రద్దు చేసినవి, వసూలైన మొత్తం
4. సెక్షన్ 210బీ కింద వేసిన చలాన్ల సంఖ్య
5. టోయింగ్ ఏజెన్సీతో ఒప్పందం, చార్జీల పట్టిక
6. ఫలానా నంబరు ఫిర్యాదుపై తీసుకున్న చర్యల ఫైలు కాపీ

'ఎందుకు ఇలా చేశారు' అని అడిగితే 'అది సమాచారం కాదు' అని తిప్పి పంపొచ్చు. కాబట్టి కాపీలు, అంకెలు అడగాలి. ఒక ఉద్యోగి వ్యక్తిగత వివరాలు అడిగితే సెక్షన్ 8 కింద నిరాకరించే అవకాశం ఎక్కువ. దర్యాప్తునకు ఆటంకం అన్న కారణం కూడా చెప్పొచ్చు. పైన ఉన్న ప్రశ్నల్లో చాలావరకు ఆ కోవలోకి రావు.

సమాధానం రాకపోతే, వచ్చినా సంతృప్తి కలగకపోతే 30 రోజుల్లో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి కమిషన్ రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా వేయొచ్చు.

కాగితం మీద బాగానే ఉన్న ఈ ఏర్పాటు ఆచరణలో ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి తెలంగాణే ఉదాహరణ. 2023 ఫిబ్రవరి తర్వాత రెండేళ్లకు పైగా ఇక్కడి సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు. రెండో అప్పీలు వినేవారు లేకపోతే మొదటి దరఖాస్తుకు జవాబివ్వాలన్న భయం ఏ కార్యాలయానికి ఉంటుంది?

వచ్చిన చలాన్ నకిలీది కాదని ఎలా తెలుస్తుంది?

చలాన్ పేరుతో సైబర్ మోసాలు కూడా జరుగుతున్నాయి. 'మీ వాహనానికి చలాన్ పడింది' అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు వస్తుంది. ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోని ఓటీపీలు, బ్యాంకు వివరాలు మోసగాళ్ల చేతికి వెళ్తాయి.

పోలీసులు చలాన్‌ను యాప్ ఫైలుగా పంపరు. ఏ లింకూ నొక్కకుండా అధికారిక సైట్‌ను మీరే తెరిచి వాహన నంబరుతో చూసుకోండి. అక్కడ లేకపోతే ఆ మెసేజ్‌ను డిలీట్ చేయండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయండి.

క్లుప్తంగా

- చలాన్ కట్టే ముందు ఫోటో, తేదీ, సెక్షన్ చూడండి.
- తప్పు మీదైతే గడువులోగా కట్టేయండి. డిస్కౌంట్ కోసం ఆగొద్దు.
- తప్పు మీది కాకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. తేలకపోతే కోర్టు ఉంది.
- రసీదు లేకుండా నగదు, అక్నాలెడ్జ్‌మెంట్ లేకుండా లైసెన్స్ ఇవ్వొద్దు.
- లంచం అడిగితే ఇవ్వకముందే ఏసీబీకి చెప్పండి.

హెల్మెట్ పెట్టుకోమని చెప్పే హక్కు, సిగ్నల్ దగ్గర ఆగమనే హక్కు పోలీసులకు ఉంది. ఆ మాట వినడం వల్ల కాపాడుకునేది మన ప్రాణాన్నే. అలాగే ఆ కెమెరా సరిగ్గా పనిచేస్తోందా, ఆ డబ్బుకు రసీదు ఉందా అని అడిగే హక్కు మనకుంది. సర్టిఫికెట్ ఉన్న కెమెరా, స్పష్టమైన ఫోటో, సకాలంలో నోటీసు ఉంటే వాహనదారుకూ వాదించడానికి ఏమీ మిగలదు. ఎండలో, పొగలో రోజంతా చౌరస్తాలో నిలబడి నిజాయితీగా పనిచేసే సిబ్బందికి కూడా అదే రక్షణ.